చిందరాసురుడి పూసల కుప్ప

కుంతలగిరి రాజ్యాన్ని గజకేసరి మహారాజు పాలిస్తున్న రోజుల్లో, ఒక ఎండాకాలం పొద్దున ఎక్కడినుంచో సుడిగాలి వచ్చి కోటచుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. ఇళ్ళకప్పులు ఎగరలేదు, చెట్లు కూలలేదు. పెద్దవాళ్ళు కళ్ళలో పడ్డ దుమ్ము తుడుచుకుని తమ పనుల్లో పడ్డారు. కానీ అన్నాల వేళకు ప్రతి ఇంట్లోనూ ఒకటే గోల. పసిపిల్లల వేళ్ళు ముద్ద పట్టుకోవడం లేదు!

మెతుకు ఎత్తబోతే వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. బలపం చేతిలో నిలవడం లేదు. ఒక చేతిలో రెండు జామకాయలు, ఇంకో చేతిలో ఐదు పెట్టి, ఎక్కువ ఎక్కడున్నాయని అడిగితే పిల్లలు బిక్కమొహం వేస్తున్నారు. అంతకంటే ఘోరం, వాళ్ళ కాళ్ళు నిలవడం లేదు. కూర్చోబెడితే లేస్తారు, ఎత్తుకుంటే గింజుకుంటారు, దింపితే నడుస్తారు. తల్లులు పిల్లల నడుములకు చీరచెంగులు కట్టి పట్టుకోవాల్సి వచ్చింది. రాజుగారి మనవడూ అంతఃపురంలో గోడ పట్టుకుని తిరుగుతూనే ఉన్నాడు. వైద్యుల మందులు పనిచేయలేదు.

కోటగుమ్మం పక్కన పసిపిల్లల బడి ఉంది. అక్కడ పిల్లలను ఆడించి చదివించేది చెంగల్వ అనే అమ్మాయి. పదహారేళ్ళు నిండాయో లేదో, ఆమె చుట్టూ ఎప్పుడూ పిల్లల గుంపే. చింతపిక్కలు కుప్పలు పోయించి ఎక్కువ తక్కువలు చెప్పించేది. గురివింద గింజలు దారానికి గుచ్చించేది. బంకమట్టితో ఉండలు చేయించేది. చురుకైన పిల్లే గాని, నిలకడ తక్కువ. ఏ పనైనా క్షణంలో అయిపోవాలి. "నీ కాళ్ళకు చక్రాలున్నాయా ఏమిటే?" అని తల్లి రోజూ విసుక్కునేది.

చెంగల్వ చెల్లెలు బంగారికి నాలుగేళ్ళు. అదీ అందరిలాగే తిరుగుతోంది, చిక్కి సగమైంది. ఒకనాడు కట్టు విప్పుకుని పరుగెత్తింది. చెంగల్వ వెంటపడి పట్టుకునేసరికి ఊరి ఉత్తరపు పొలిమేర వచ్చేసింది. అక్కడ ఇంకా కొందరు తల్లులు తప్పించుకున్న తమ పిల్లలను పట్టుకోవడానికి పరుగులు తీస్తున్నారు. పిల్లలందరి మొహాలూ ఉత్తరాన ఉన్న కారడవి వైపే ఉన్నాయి.

చెంగల్వ నేరుగా రాజసభకు వెళ్ళింది.

"మహాప్రభూ, పిల్లలు పోగొట్టుకున్నదేదో ఆ అడవిలో ఉంది. అందుకే వాళ్ళ కాళ్ళు అటే లాగుతున్నాయి. నేను వెళ్ళి తెస్తాను."

"నా సైనికులు వెళ్ళారమ్మా. గాలి వాళ్ళను ఎండుటాకుల్లా విసిరికొట్టింది. నువ్వు ఒంటరిదానివి," అన్నాడు రాజు.

"ఇంట్లో కూర్చుని నా చెల్లెలి మొహం చూడలేను ప్రభూ. వెళ్తే కాస్త ఊపిరాడుతుంది."

రాజు కాదనలేకపోయాడు. "క్షేమంగా తిరిగి రా తల్లీ. ఏం కోరినా ఇస్తాను," అన్నాడు. చెంగల్వ చెల్లెలిని తల్లికి అప్పగించి ఆ పూటే బయలుదేరింది.

అడవిలో ఆమె నడవలేదు, పరుగెత్తింది. ముళ్ళు గీరుకున్నా ఆగలేదు. ఒకచోట దారి రెండు బండల మధ్య ఇరుకైంది. ఆ సందులో దున్నపోతంత ఏదుపంది అడ్డంగా పడుకుని మూలుగుతోంది.

"తాతా, కాస్త జరుగు. తొందర పని మీద పోతున్నాను," అంది చెంగల్వ.

"జరగలేనే మనవరాలా. నా ముళ్ళ మధ్య పల్లేరుకాయలు ఇరుక్కున్నాయి. కదిలితే ప్రాణం పోతోంది. సైనికులు కత్తులతో గీకబోయి ఇంకా లోపలికి దిగ్గొట్టారు. అవి తీసిపెడితే దారి ఇస్తాను."

చెంగల్వ పిడికిలి నిండా పట్టి ఒక్క లాగు లాగింది. ఏదుపంది అరిచింది. ఆమె అరచేతికి ముల్లు దిగి రక్తం కారింది. పల్లేరుకాయ మాత్రం కదల్లేదు. మళ్ళీ లాగింది, మళ్ళీ గుచ్చుకుంది. అప్పుడు బడిలో పిల్లలకు తను చెప్పే మాటే ఆమె నోటికి వచ్చింది.

"పిట్టముక్కు, చెంగల్వా, పిట్టముక్కు!"

బొటనవేలూ చూపుడువేలూ పిట్టముక్కులా కలిపి, ముళ్ళ సందులోకి మెల్లగా దించి ఒక్క కాయను పట్టి తీసింది. తర్వాత ఇంకొకటి. కాళ్ళు పరుగెత్తమని పోరుతున్నాయి. పళ్ళు బిగబట్టి కూర్చుంది. చివరి కాయ వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది.

ఏదుపంది ఒళ్ళు విదిలించుకుని హాయిగా నిట్టూర్చింది. "విను మనవరాలా. ఆ కొండ మీద చిందరాసురుడనే రాక్షసుడున్నాడు. వాడే సుడిగాలి. ఒక్కచోట కూర్చోలేడు, వాడి చేతులు వణుకుతూనే ఉంటాయి. మీ బడి పక్క తాటిచెట్టు మీద వాలి, పిల్లలు గింజలు గుచ్చుకోవడం చూసి ఆశపడ్డాడు. వాళ్ళ వేళ్ళలోని నేర్పూ, కాళ్ళలోని నిలకడా ఊడ్చుకుపోయాడు. అవి పూసలై వాడి గుహలో పడి ఉన్నాయి. తొలకరి చినుకు పడేలోగా ఆ పూసలు పిల్లల చేతికి చేరకపోతే రాళ్ళైపోతాయి. ఆ పిల్లలిక ఎన్నటికీ ఒక్కచోట నిలబడరు."

చెంగల్వ తల ఎత్తి చూసింది. పడమటి దిక్కున మబ్బు పడుతోంది.

పరుగున కొండ అడుగుకు చేరింది. కొండ నున్నగా గోడలా నిలబడి ఉంది, పట్టుకోవడానికి వేరైనా లేదు. కింద మడుగులో తాబేళ్ళు, బండిచక్రమంతవి, చాటంతవి, చిప్పంతవి, ఒకదాన్నొకటి తోసుకుంటూ పోట్లాడుకుంటున్నాయి.

"ఏమయ్యా, ఎందుకీ కొట్లాట?" అంది చెంగల్వ.

"వాన పడి మడుగు పొంగేలోగా మేం కొండెక్కాలి. ఒకరి మీద ఒకరం ఎక్కితే అందుతుంది. కానీ ప్రతివాడూ పైనే ఉంటానంటాడు," అంది ఒక ముసలి తాబేలు.

"నేను సర్దుతాను, రండి!" అని చెంగల్వ చేతికి అందినదాన్ని అందినట్టు పేర్చింది. చిప్పంత తాబేలు మీద చాటంతది ఎక్కగానే అన్నీ ఊగిపోయి, దభాలున మడుగులో పడ్డాయి. చెంగల్వ కూడా పడింది. బురద తుడుచుకుంటూ ఉంటే దూరంగా ఉరిమింది. ఆమెకు ఏడుపు వచ్చింది.

కాసేపటికి లేచి, తాబేళ్ళను రెండేసి చొప్పున పక్కపక్కన నిలబెట్టింది. "నువ్వు ఇతనికంటే పెద్ద. కాబట్టి కింద. నువ్వు ఇతనికంటే చిన్న, కానీ అదిగో ఆమెకంటే పెద్ద. నువ్వు మధ్యలో," అని ఒక్కొక్కదాన్నీ కొలిచి వరుస కట్టింది. చిప్పంత తాబేలుకు అందరికంటే పైన చోటు దొరకగానే అది మెడ సాచి మురిసిపోయింది. పెద్దది అడుగున, చిన్నది కొసన మెట్లలా నిలబడ్డాయి. చెంగల్వ వాటి మీదుగా కొండ అంచు అందుకుని, పైకెక్కి, తన ఓణీ కిందికి వేలాడదీసి తాబేళ్ళను కూడా లాగింది.

గుహ ముందు చిందరాసురుడు గిరగిర తిరుగుతున్నాడు. జుట్టు చెట్టంత పొడవు, కళ్ళు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. గుహ నిండా ఎరుపు, పసుపు, నీలం పూసలు కలగాపులగంగా పడి ఉన్నాయి. వాడు వంగి ఒక పూసను పట్టుకోబోయాడు. జారిపోయింది. కోపంతో ఊదాడు. కుప్పంతా చిందరవందరైంది.

"ఎవత్తెవే నువ్వు?"

"ఈ పూసలు తీసుకుపోవడానికి వచ్చాను. ఇవి మా పిల్లలవి."

రాక్షసుడు గుహ అదిరేట్టు నవ్వాడు. "తీసుకుపో చూద్దాం! నేను వీస్తూ ఉంటే నువ్వు ఏరుకో. ఎరుపు, పసుపు, నీలం, మళ్ళీ ఎరుపు, పసుపు, నీలం. వరస తప్పకుండా దండ గుచ్చాలి. పొద్దు కుంకేలోగా అవకపోతే నువ్వూ నాలాగే గాలివైపోతావు."

చెంగల్వ ఓణీ అంచునుంచి దారం లాగింది. కొసను నోట తడిపి నలిపి సన్నగా చేసింది. గుచ్చడం మొదలుపెట్టింది. పది పూసలు ఎక్కేసరికి రాక్షసుడు చుట్టూ తిరిగాడు, దారం ఎగిరి పూసలన్నీ రాలిపోయాయి. మళ్ళీ గుచ్చింది. మళ్ళీ రాలాయి. పొద్దు వాలుతోంది. ఆమె కాళ్ళలో ఏదో సుడి తిరుగుతున్నట్టయింది. చూసుకుంటే పాదాలు నేలకు ఆనడం లేదు! గాలైపోవడం అప్పుడే మొదలైంది.

ఆమె భయంతో తల ఎత్తి రాక్షసుడి మొహం చూసింది. వాడు నవ్వడం లేదు. ఆమె వేళ్ళనే చూస్తున్నాడు, ఆకలిగొన్నవాడు అన్నం వంక చూసినట్టు.

"దారం ఇంకో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. పడతావా?" అంది చెంగల్వ.

"నా చేతులు వణుకుతాయి."

"మా పిల్లలకూ మొదట్లో వణికేవి. బొటనవేలు ఇలా, చూపుడువేలు ఇలా. పిట్టముక్కు. గట్టిగా నొక్కకు. కూర్చో."

"నేనెప్పుడూ కూర్చోలేదు."

"ఒక్క పూస ఎక్కేదాకా కూర్చో. తర్వాత లేద్దువుగాని."

వాడు కూర్చున్నాడు. దారం వణికింది. అయినా జారలేదు. ఎర్రపూస ఎక్కింది. "ఇంకొక్కటి," అన్నాడు వాడే. పసుపుది ఎక్కింది. కొంతసేపటికి, "ఇప్పుడు నీలం! నీలం రావాలి!" అని చిన్నపిల్లవాడిలా అరిచాడు. గాలి ఆగిపోయింది. చెంగల్వ పాదాలు నేలకు ఆనాయి. ఆఖరి పూస ఎక్కేసరికి కొండల వెనక పొద్దు ఇంకా కాస్త మిగిలే ఉంది.

రాక్షసుడు దండను చాలాసేపు చూసుకుని, కళ్ళు తుడుచుకుని, ఆమె మెడలో వేశాడు.

చెంగల్వ ఆగలేదు. కొండ వెనక వాలు వెంట దిగి, ఉరుములు తరుముతూ ఉంటే రాత్రంతా పరుగెత్తింది. తెల్లవారగట్ల తుమ్మకొమ్మకు దండ తగులుకుని తెగింది. చేతికి దొరికినవన్నీ ఏరి ఒడిలో పోసుకుంది. లెక్కపెట్టడానికి మనసు ఒప్పలేదు. మబ్బు నెత్తిమీదికి వచ్చేసింది.

కోటగుమ్మం ముందు తల్లులంతా పిల్లలను పట్టుకుని వరుసగా నిలబడ్డారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పూస. వేలికి తగలగానే పూస కరిగిపోయేది, ఆ బిడ్డ కాళ్ళు నిలిచిపోయేవి. రాజుగారి మనవడు చేతులు చూసుకుని కిలకిల నవ్వాడు. తన చెల్లెలని ముందు ఇవ్వడం తగదని చెంగల్వ బంగారిని చివర నిలబెట్టింది. వరుస తరిగింది, ఒడి తరిగింది. బంగారి ముందుకు వచ్చేసరికి ఒడిలో చెయ్యి పెడితే ఏమీ తగల్లేదు.

చెంగల్వ ఓణీ దులిపింది. నేలంతా వెతికింది. "ఒక్కటి! ఒక్కటి తగ్గింది! లెక్కపెట్టలేదమ్మా!" అని తల్లిని పట్టుకుని ఏడ్చింది. బంగారి మాత్రం చెయ్యి విడిపించుకుని ఉత్తరంగా నడుస్తూనే ఉంది.

అప్పుడు దుమ్ము లేచింది. జనం హాహాకారాలు చేస్తూ చెదిరిపోయారు. సైనికులు ఈటెలు ఎత్తారు. సుడిగాలిలోంచి చిందరాసురుడు దిగి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వాడి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక నీలంపూస ఉంది.

"తుమ్మచెట్టు కింద పడి ఉంది," అన్నాడు ఆయాసపడుతూ. "ఎత్తబోతే ఎన్నిసార్లో జారింది. పసుపు తర్వాత నీలం లేకపోతే వరస తప్పుతుంది కదా!"

బంగారి వాడి పక్కనుంచే నడిచిపోతోంది. వాడు ఊపిరి బిగబట్టి, వణుకుతున్న చెయ్యి చాచి, ఆ చిన్న అరచేతిలో పూస ఉంచాడు. అది కరిగింది. బంగారి ఆగింది. వెంటనే తొలకరి చినుకు దాని ముక్కు మీద పడింది.

"అక్కా, ఆకలేస్తోంది!" అంది.

రాజు చెంగల్వను పిలిచి ఏం కావాలో కోరుకోమన్నాడు. ఆమె రాక్షసుడి మీద ఈటె పడకూడదనీ, వాడికి బడిలో చోటివ్వాలనీ కోరింది. రాజు ఒప్పుకోవడమే కాక, రాజ్యంలోని పసిపిల్లల బడులన్నిటికీ ఆమెనే అధికారిణిని చేశాడు. ఆ వానాకాలం చిందరాసురుడు బడి పంచలో సర్దుకుని కూర్చుని గింజలు గుచ్చడం నేర్చుకున్నాడు. అతని పక్కన బంగారి నడుముమీద చేతులు పెట్టుకుని నిలబడేది.

"అలా కాదు మామా, మళ్ళీ తప్పావు! విప్పు. మొదటినుంచి గుచ్చు," అనేది.

అతను బుద్ధిగా విప్పి, మళ్ళీ మొదలుపెట్టేవాడు.