రెండు చెంచాల ఐస్‌క్రీం

ఆ అమ్మాయి లోపలికి వచ్చి కూర్చోలేదు. బల్ల మీద ఖాళీ తాళాల రింగు ఒకటి పెట్టి, దాని వైపే చూస్తూ నిలబడింది.

"పొద్దుటిదాకా దీనికి మా ఆఫీసు తాళంచెవి ఉండేది సార్. అక్క అందరి ముందూ లాగేసుకుంది. ఇంక ఈ గుమ్మం తొక్కొద్దంది. అక్కంటే నాకు అమ్మ తర్వాత అమ్మ."

డిటెక్టివ్ కుర్చీ చూపించాడు. అసిస్టెంటు మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు. అతనికి నలభై దాటాయి. తిండి మీద ప్రీతి ఎక్కువో, గురువు మీద భక్తి ఎక్కువో అతనికే తెలియదు.

"ఏం పోయింది?" అన్నాడు డిటెక్టివ్.

"వస్తువేం పోలేదు. నా బొమ్మలు పోయాయి."

అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి వంటల యాప్ తయారు చేస్తున్నారు. ఇంట్లో ఏ సరుకులున్నాయో ఫోనుకు చెబితే చాలు, వాటితో ఏ దేశంలో ఏం వండుకుంటారో గిర్రున తిరిగే భూగోళం మీద చూపిస్తుంది. తెర మీది ప్రతి గీతా చెల్లెలిదే. ఇంకో వారంలో విడుదల అనగా, నిన్న వేరే కంపెనీ వాళ్ళు అదే భూగోళాన్ని, అవే రంగుల్ని, పేరు మాత్రం మార్చి తమవని ప్రకటించారు.

"అసలు బొమ్మలు నా కంప్యూటర్లో ఉంటాయి. అందుకని నేనే వాళ్ళకి ఇచ్చానని అక్క నమ్మింది. మొత్తుకున్నా వినలేదు."

డిటెక్టివ్ ఆ ప్రకటనలోని బొమ్మను, ఆమె గీసిన బొమ్మను పక్కపక్కన పెట్టించాడు. రెండు వేళ్ళతో పైమూల పెద్దది చేసి చూశాడు.

"ఈ బ్యాటరీ గుర్తు కూడా మీరే గీస్తారా?"

"అవును సార్. ఎప్పుడూ నిండుగానే గీస్తాను. చచ్చిపోతున్న ఫోను చూస్తే జనానికి ఆకలి కూడా చచ్చిపోతుందని అక్క నవ్వుతుంది."

డిటెక్టివ్ ఫోను అసిస్టెంటు చేతికిచ్చాడు. ఆమె బొమ్మలో బ్యాటరీ నిండుగా ఉంది. ప్రకటనలో ఎర్రగా, దారపు పోగంత మిగిలి ఉంది. అసిస్టెంటు రెండూ చూసి, అర్థమైనవాడిలా తల ఊపాడు. అర్థం కాలేదు.

ఇద్దరూ వెళ్ళిన ఆఫీసు మూడు గదులు. ముందు గదిలో అక్క భర్త బల్ల, దాని ముందు వచ్చేపోయేవాళ్ళకు నాలుగు కుర్చీలు. నడిమి గదిలో కంప్యూటర్లు. వెనక గది వంటిల్లు. యాప్‌లోకి ఎక్కే వంటకాలన్నిటికీ ఫొటోలు తీసేది అక్కడే.

వంటింట్లో రెండు పెద్ద లైట్లు వెలుగుతున్నాయి. లోపల అడుగుపెట్టగానే అసిస్టెంటు చొక్కా వీపుకు అంటుకుపోయింది. లైట్ల కింద గాజు కప్పులో గులాబీ రంగు ఐస్‌క్రీం మూడు ఉండలు కుదురుగా కూర్చుని ఉన్నాయి. వంటావిడ పక్కనే ఒక రొట్టెకు కుంచెతో మెరుపు పూస్తోంది. అసిస్టెంటు చెయ్యి దానంతటదే కప్పు వైపు వెళ్ళింది. వంటావిడ గరిటె అంతకంటే వేగంగా వచ్చింది.

"ఫొటో అయ్యేదాకా ముట్టుకుంటే ఊరుకోను!"

"అయ్యాకో?"

"అయ్యాక మీ ఇష్టం, మీ ఖర్మ."

వాళ్ళు ఉన్నంతసేపూ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. డిటెక్టివ్ ఆ కప్పును కాసేపు చూసి, గోడకు తగిలించిన ఫోను చూపించాడు. "ఇదేంటమ్మా?"

"యాప్ ఎలా పనిచేస్తుందో చూసుకోవడానికి పెట్టారు సార్. పిండి చేతులతో తెర ముట్టుకోలేం కదా, అందుకని చిన్నమ్మగారు అది ఆరిపోకుండా చేశారు. మంచిదే గానీ బ్యాటరీ తాగేస్తుంది. మొన్న మేం భోజనానికి వెళ్ళేటప్పటికే ఎర్రబడింది. వచ్చి చూస్తే ప్రాణం పోయింది."

"ఆ ప్రకటన రావడానికి ముందురోజేనా?"

"ఆ రోజే. ఆ రోజూ ఈ ఐస్‌క్రీమే పెట్టాం. కెమెరా ఆయనకి నచ్చక ఇవాళ మళ్ళీ తీస్తున్నారు."

"భోజనానికి బయటికే వెళ్తారా?"

"రోజూ. అక్కయ్యగారు, చిన్నమ్మగారు, కెమెరా ఆయన, నేను, అందరం సందు చివర హోటల్‌కే."

అసిస్టెంటు నోరు వెళ్ళబెట్టాడు. "ఇంత వంట ముందు పెట్టుకుని హోటలా! నూతిగట్టు మీద కూర్చుని దాహం దాహం అన్నట్టుంది."

వంటావిడ నవ్వి ఊరుకుంది.

"మొన్న ఆఫీసులో ఎవరున్నారు?"

"అయ్యగారు ఇంటినుంచి బాక్సు తెచ్చుకుని ముందు గదిలోనే తింటారు. నడిమి గదిలో కళ్ళజోడు నిద్రపోతున్నాడు. అందరికంటే ముందు నేనొచ్చాను. అయ్యగారు ఈ గదిలోంచి మూతి తుడుచుకుంటూ వస్తున్నారు. కళ్ళజోడేమో నన్ను తోసుకుంటూ వీధిలోకి పరుగు."

కళ్ళజోడు అంటే యాప్‌కి కోడు రాసే కుర్రవాడు. డిటెక్టివ్ అడగ్గానే బుగ్గ లాగి చూపించాడు. "పన్ను సార్! డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. కావాలంటే వాసన చూడండి, లవంగ నూనె."

"అక్కరలేదు. యాప్ అంతా నీ దగ్గర ఉంటుందా?"

"మొత్తం. కలలో కూడా ఆ భూగోళమే తిరుగుతోంది."

"పెద్దక్కగారితో గొడవ పడ్డావట?"

"సెలవు ఇవ్వలేదని పడ్డాను. ఇప్పుడూ పడతాను. అంతమాత్రాన దొంగతనం చేస్తానా? చిన్నక్క కూడా చెయ్యదు సార్. ఒక గీత వంకరొస్తే మూడుసార్లు చెరిపే మనిషి, తన బొమ్మలు ఇంకొకరి పేరుతో చూసి బతుకుతుందా?"

అక్క భర్త మర్యాదస్తుడు. లేచి నిలబడి కుర్చీలు జరిపాడు.

"మా మరదలు చిన్నపిల్ల సార్. ఎవరో మాయమాటలు చెప్పి ఉంటారు. ఇంటి పరువు, పోలీసులదాకా వద్దని మా ఆవిడకి నేనే సర్ది చెప్పాను."

"మంచిపని చేశారు. మొన్న మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్ళారట?"

"వెళ్ళాను. బాక్సు తిన్నాక నాలుక తీపి కోరింది. ఆ గులాబీ రంగు ఐస్‌క్రీం కనిపించింది. రెండు చెంచాలు లాగించాను. చెబితే వంటావిడ గొడవ చేస్తుందని చప్పుడు చెయ్యలేదు."

"ఎలా ఉంది?"

"అమృతమండీ! నోట్లో పెట్టగానే వెన్నలా కరిగిపోయింది. ఆవిడ చేతిలో ఏదో మహిమ ఉంది."

"వంటింట్లోకి తరచూ వెళ్తుంటారా?"

"నాకక్కడ ఏం పని? వాళ్ళ గోల వాళ్ళది. నా బల్ల నాది."

డిటెక్టివ్ ధన్యవాదాలు చెప్పి లేచాడు.

సాయంత్రం అందరినీ వంటింట్లోకి పిలిపించాడు. అక్క కిటికీ దగ్గర నిలబడి చెల్లెలి వైపు చూడకుండా ఉంది. చెల్లెలు గుమ్మం దాటి లోపలికి రాలేదు. తొక్కొద్దన్న ఆఫీసు అది; డిటెక్టివ్ పిలిస్తేనే అక్కడిదాకా వచ్చింది.

"చెల్లెలుగారు గీసే బొమ్మల్లో బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉంటుంది," అన్నాడు డిటెక్టివ్. "ఆ కంపెనీ చూపించిన దాంట్లో ఎర్రగా ఉంది. దొంగసొత్తును కడుక్కునే ఓపిక కూడా లేదు వాళ్ళకి. అది ఆమె కంప్యూటర్లోంచి పోయిన బొమ్మ కాదు. నడుస్తున్న ఫోను తెర మీంచి తీసి పంపిన బొమ్మ. అలా ఎర్రబడ్డ ఫోను ఈ గోడకుంది. మీరు భోజనానికి వెళ్ళేటప్పుడు ఎర్రబడింది, తిరిగి వచ్చేలోగా ఆరిపోయింది. పని ఆ మధ్యలో జరిగింది. అప్పుడు ఉన్నది ఇద్దరు."

కళ్ళజోడు బుగ్గ పట్టుకున్నాడు.

"ఇతని దగ్గర యాప్ అంతా ఉంది. ఇంట్లో బావి ఉన్నవాడు పక్కింటి కుండలో చెయ్యి పెట్టడు. ఈ ఫోను తప్ప వేరే దారి లేనివాళ్ళే దీని దగ్గరికి రావాలి."

"నేనెందుకు వచ్చానో చెప్పాను కదండీ," అన్నాడు బావ.

"చెప్పారు. అందుకే ఇది తియ్యకుండా ఉంచమన్నాను." డిటెక్టివ్ కప్పు ఆయన ముందుకు జరిపి చెంచా ఇచ్చాడు. "ఇంకో రెండు చెంచాలు తినండి."

ఎవరూ నవ్వలేదు. వంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ అందరి మొహాలూ చూసి, చెంచా నిండా తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. దవడ ఒక్కసారి కదిలి ఆగిపోయింది. అది లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు.

"బంగాళాదుంప అయ్యగారూ," అంది వంటావిడ జాలిగా. "ఉడకబెట్టి మెదిపి, రంగు, కాస్త జిగురు కలిపాను. ఈ లైట్ల కింద నిజం ఐస్‌క్రీం పెడితే ఫొటో రాదు, గచ్చు కడుక్కోవాలి. ఆ రొట్టె మీద మెరుపు కూడా తలుపులకి వేసే వార్నీషు."

"ఫొటోకి పెట్టినదేదీ ఇక్కడ తినడానికి పనికిరాదు," అన్నాడు డిటెక్టివ్. "అందుకే వీళ్ళు రోజూ హోటల్‌కి వెళ్తారు. ఈ సంగతి తెలియనిది మీ ఒక్కరికే."

అక్క కిటికీ దగ్గర్నుంచి కదిలింది. "ఇన్నాళ్ళలో ఒక్కసారైనా లోపలికొచ్చి ఏం చేస్తున్నారర్రా అని అడిగారా మీరు?"

బావ రుమాల్లో ఉమ్మి, దాన్ని జాగ్రత్తగా మడిచాడు. "మీ అక్కాచెల్లెళ్ళు ఒకటి. నేను వీధిగుమ్మానికి కాపలా. ఆ కంపెనీ వాళ్ళు మేనేజరు కుర్చీ ఇస్తామన్నారు. ఫలానా ఆవిడ మొగుడిగా కాదు, నాకు."

"కుర్చీ కోసం వెళ్తే వెళ్ళేవారు. దీన్ని దొంగని చేశారు. అదీ నా నోటితో చేయించారు."

ఆయన మడిచిన రుమాలు జేబులో పెట్టుకుని, మరదలు పక్కకు తప్పుకుంటే గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

అక్క తన గుత్తిలోంచి తాళంచెవి తీసి చాపింది. చెల్లెలు చెయ్యి చాపలేదు.

"తీసుకున్నప్పుడు అందరి ముందూ తీసుకున్నావు అక్కా."

అక్క వంటావిడను, కళ్ళజోడును, కొత్తవాళ్ళిద్దరినీ వరసగా చూసింది. "తప్పు నాదేనే. అందరూ వినండి. తప్పు నాది."

చెల్లెలు ఖాళీ రింగు ముందుకు చాపింది.

డిటెక్టివ్, అసిస్టెంటు వీధిలోకి దిగారు.

"ఎప్పుడు కనిపెట్టారు గురువుగారూ?"

"పొద్దున నువ్వు ఆ లైట్ల కింద చెమటతో తడిసి ముద్దయ్యావు. నీ పక్కనున్న ఐస్‌క్రీం చెక్కు చెదరలేదు."

అసిస్టెంటు వెనక్కి తిరిగి చూశాడు. వరసగా తెరిచిన తలుపుల్లోంచి అక్కాచెల్లెళ్ళు కనిపిస్తున్నారు. రింగు బిగుసుకుని తాళంచెవి ఎక్కడం లేదు. అక్క గోరు పెట్టి విడదీస్తోంది. గోరు విరిగినట్టుంది, వేలు విదిలించింది. చెల్లెలు సాయం చెయ్యలేదు. రింగు మాత్రం కదలకుండా గట్టిగా పట్టుకుంది.