కుల్సుం కాయితం

మధ్యాహ్నం అన్నాల గంట కొట్టి చాలాసేపయింది. పిల్లలంతా చెట్ల కింద డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. కుట్టు గదిలోంచి మాత్రం ఇంకా పాట వినిపిస్తూనే ఉంది.

లోపల ఉన్నది ఇద్దరే. ఇద్దరూ ఆరో తరగతి. సుభాషిణి కళ్లు మూసుకుని పాడుతోంది. కుల్సుం హార్మోనియం వాయిస్తూ, ఎదురుగా పెట్టుకున్న కాయితం వంకే చూస్తోంది.

బడి వార్షికోత్సవం కోసం తెలుగు మాస్టారు సుందరరావు గారు రాసిన పాట అది. ఒక మబ్బు బండి కట్టుకుని వినుకొండ చుట్టుపక్కల పొలాలకు వానను తీసుకొస్తుంది. చరణానికొక చోట ఆగుతుంది.

“మబ్బు బండి ఆగింది పత్తి చేను గట్టున,
చుక్క చుక్క దించింది నల్లరేగడి ఒడిన...”

రెండో చరణంలో మిరప తోట, మూడో చరణంలో జొన్న చేను, నాలుగో చరణంలో బడి ముంగిలి. అన్ని చరణాలూ “మబ్బు బండి ఆగింది” అనే మొదలవుతాయి. మూడో చరణంలో మాత్రం రాగం ఉన్నట్టుండి పైకి ఎక్కుతుంది.

పాట అయిపోగానే సుభాషిణి కళ్లు తెరిచింది.

“ఏమే కుల్సుం, పాట నీకు వచ్చు గదా! ఇంకా ఆ కాయితం ఎందుకే?”

“పాట వచ్చు. ఎక్కడ ఏ మెట్లు నొక్కాలో అది చూస్తేగానీ రాదు. మా నాన్న రాసిచ్చాడు.”

కాయితం మీద పాట నీలం సిరాతో ఉంది. ప్రతి మాట మీదా, ఏ మెట్లు కలిపి నొక్కాలో ఎర్ర సిరాతో గుర్తులున్నాయి. కుల్సుం వాళ్ల నాన్న అబ్దుల్ మజీద్ పగలు బట్టలు కుడతాడు. నాటకాలవాళ్లు పిలిస్తే వెళ్లి హార్మోనియం వాయిస్తాడు. కుల్సుం నేర్చుకోవడం మొదలుపెట్టింది మొన్న వేసవి సెలవుల్లోనే.

“చూసి వాయిస్తే పాటేంది? పాఠం చదివినట్టుంటది. నేను ఒక్క ముక్కన్నా చూస్తన్నానా?” అంది సుభాషిణి.

అది నిజమే. రెండుసార్లు వింటే చాలు, ఏ పాటైనా ఆమెకు నోటికి వచ్చేస్తుంది. అందుకే ఆమెకు అర్థం కాలేదు. లెక్కలు క్లాసులో అందరికంటే ముందు చేసే కుల్సుంకి ఇది ఎందుకు రాదు? కాయితం ఉంది కాబట్టే రావడం లేదేమో! అది లేకపోతే దానంతటదే వస్తుందేమో!

తనకు సైకిలు నేర్పేటప్పుడు నాన్న కూడా అంతే చేశాడు. సీటు పట్టుకున్నట్టే పట్టుకుని, చెప్పకుండా వదిలేశాడు. సుభాషిణి పడలేదు. సందు చివరిదాకా తొక్కేసింది.

ఆ ఆలోచన ఆమె బుర్రలో అలాగే ఉండిపోయింది.

వార్షికోత్సవం రోజు సాయంత్రం స్టేజీ వెనక ఒకటే హడావుడి. డాన్సు పిల్లలకి రోజా రంగు పూస్తున్నారు. ఎవరిదో గజ్జె ఊడిపోయింది. కుల్సుం నీళ్లు తాగడానికి వెళ్లింది. ఆమె కాయితం హార్మోనియం మీదే ఉంది.

సుభాషిణి అటూ ఇటూ చూసింది. కాయితం మడిచి తన సంచిలో పెట్టేసింది.

“తర్వాత మబ్బు బండి పాట!” అని మైకులో వినిపించింది. ఇద్దరూ స్టేజీ ఎక్కారు.

కుల్సుం హార్మోనియం కింద వెతికింది. పక్కన వెతికింది. ఆమె ముఖం పాలిపోయింది.

“కాయితం ఏదే?”

“నీకు వచ్చులే, వాయించు!” అని చెవిలో అంది సుభాషిణి.

ఇంక చేసేదేమీ లేక కుల్సుం మొదలుపెట్టింది. చిత్రం! పల్లవి బాగానే వచ్చింది. పత్తి చేను వచ్చింది. మిరప తోట కూడా వచ్చింది. సుభాషిణికి లోపల ఒకటే సంతోషం. నేను చెప్పలా!

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

మైకు మూగపోయింది. పిల్లలంతా “ఓ...” అని అరిచారు. ఒకళ్లు ఈల కూడా వేశారు. కాసేపటికి లైట్లు వెలిగాయి. “కానివ్వండమ్మా!” అని సైగ చేసింది, పక్కన నిలబడ్డ ఆదిలక్ష్మమ్మ టీచరు.

సుభాషిణి నోరు తెరిచింది. ఎక్కడ ఆపింది? మిరప తోట అయిందా? జొన్న చేను అయిందా? అన్నీ మబ్బు బండి దగ్గరే మొదలవుతున్నాయి. ఎంత వెతికినా కొస దొరకలేదు. ఏదో ఒకటని నాలుగో చరణం ఎత్తుకుంది. కుల్సుం మూడో చరణం వాయిస్తోంది. హార్మోనియం పైకి పోయింది, గొంతు కిందే ఉండిపోయింది.

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వెనక వరసల దాకా పాకింది. కుల్సుం చేతులు ఆగిపోయాయి. సుభాషిణి పల్లవి మళ్లీ ఒకసారి పాడేసి, ఎలాగో పాట ముగించింది.

స్టేజీ దిగాక కుల్సుం ఒక్కటే అడిగింది.

“నా కాయితం నువ్వు తీశావా?”

లేదని చెప్పాలనిపించింది. కానీ కుల్సుం సూటిగా చూస్తోంది.

“తీశా. కాయితం లేకపోతే నీకే వచ్చిద్దనుకున్నా.”

“నన్ను అడిగావా?” అంది కుల్సుం. “నీకు నోటికి వచ్చు. నేను నీ నోరు మూశానా?”

సుభాషిణి సంచిలోంచి తీసిచ్చిన కాయితం అందుకుని, కుల్సుం వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఆదిలక్ష్మమ్మ టీచరు కోప్పడలేదు. “రిపబ్లిక్ డేకి అన్ని స్కూళ్లూ కలిసి గ్రౌండులో చేసే ప్రోగ్రాంలో మన బడి తరఫున ఈ పాటే అనుకున్నాం. సోమవారం మళ్లీ వింటాను. ఇద్దరూ కలిసి రండి” అంది.

ఇద్దరూ కలిసి! కుల్సుం మాట్లాడితేగా.

మర్నాడు ఆదివారం. నాయనమ్మ నరసమ్మ పంచలో కూర్చుని ఎండు మిరపకాయల తొడిమలు తీస్తోంది. నోట్లో ఏదో కలుపు పాట ఆడుతోంది. ఆమెకు చదువు రాదు. పాటలు మాత్రం ఎన్ని వచ్చో ఆమెకే తెలియదు. సుభాషిణి కాసేపు విని, ఉన్నట్టుండి అంది.

“ఆగు నాయనమ్మా! ఇప్పుడు ఆపిన చోటి నుంచి పాడు.”

నాయనమ్మ నోరు తెరిచింది. ఆగింది. మళ్లీ తెరిచింది.

“అట్టా రాదే. మొదట్నించీ అందుకోవాల.”

సుభాషిణికి ఆశ్చర్యం వేసింది. అయితే తనకొక్కదానికే కాదన్నమాట!

“మరి పొలంలో మరిచిపోతే ఏం చేస్తావు?”

“నేనొక్కదాన్నే పాడతానా ఏంది? పక్క సాలులో కొండమ్మ ఉంటది. నేను మరిస్తే ఆమె అందుకుంటది, ఆమె మరిస్తే నేను” అని నాయనమ్మ ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది.

సుభాషిణి అక్కడి నుంచి నేరుగా కుల్సుం వాళ్లింటికి వెళ్లింది. వాకిట్లో అబ్దుల్ మజీద్ మిషను కుడుతున్నాడు. గోడ వారన ఉన్న హార్మోనియం దగ్గర కూడా కాయితాలున్నాయి.

“మజీద్ మామా, నీక్కూడా కాయితం చూస్తేగానీ రాదా?”

ఆయన మిషను ఆపి నవ్వాడు.

“నాకు చానా పాటలు నోటికే వచ్చమ్మా. అయినా ఎదురుగా పెట్టుకుంటా. ఎప్పుడన్నా తడబడితే చూసుకోవచ్చు గదా! అట్టాగని ఎప్పుడూ దాన్నే చూస్తా కూర్చుంటే ఇంకో తంటా ఉంది. ఒకసారి కారంపూడిలో నాటకం. రాజు వేషగాడు పద్యం సగం మరిచిపోయి, కత్తి దూసుకుంటా లోపలికి పోయాడు. నేను కాయితంలో తల పెట్టి వాయిస్తానే ఉన్నా! రాజు లేడు, పాట మాత్రం ఉంది. ఊరు ఊరంతా నవ్వు!”

సుభాషిణి పకపకా నవ్వింది. తలుపు వెనక ఇంకో నవ్వు వినిపించింది. కుల్సుం! నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చేసింది. సుభాషిణిని చూసి మళ్లీ మూతి బిగించింది.

“నేను నీ కాయితం తియ్యకుండా ఉండాల్సింది. నిన్ను అడగాల్సింది” అంది సుభాషిణి. ఆ వెంటనే, “పాట మధ్యలో ఆగితే నాకు రావట్లేదే. నువ్వు ఏదో ఒక చోటు చెప్పు. అక్కడి నుంచి పాడగలనేమో చూస్తా” అంది.

ఆ సంగతేమిటో చూడాలని కుల్సుంకీ ఉంది. లోపలికి వెళ్లి కాయితం తెచ్చుకుని, హార్మోనియం ముందు కూర్చుంది.

“మూడో చరణం, రెండో లైను.”

సుభాషిణికి రాలేదు. కళ్లు మూసుకుంటే మబ్బు బండ్లన్నీ ఒక్కలాగే కనిపించాయి. ఈసారి బండిని వదిలేసి, ఆగిన చోటు తలుచుకుంది. జొన్న చేను. గాలికి ఊగే కంకులు. ఆ చేలో వాన ఎలా పడుతుంది? లైను దానంతటదే నాలుక మీదికి వచ్చింది.

“ఇంకోటి అడగవే!”

పొద్దు గూకేదాకా అదే ఆట. కుల్సుం కూడా ఒకటి మొదలుపెట్టింది. చరణం అయినప్పుడల్లా తల ఎత్తి సుభాషిణిని చూడడం. మొదట్లో తల ఎత్తితే మెట్లు తప్పేవి. కొంతసేపటికి తప్పడం తగ్గింది.

సోమవారం ఆదిలక్ష్మమ్మ టీచరు పాట విని, సరేనంది.

రిపబ్లిక్ డే ఉదయం గ్రౌండు నిండా పిల్లలు. కొండ మీది నుంచి గాలి విసిరి కొడుతోంది. జెండా పటపటా కొట్టుకుంటోంది. కుల్సుం కాయితం మీద రెండు గులకరాళ్లు పెట్టింది. సుభాషిణి మైకు ముందు నిలబడి పల్లవి ఎత్తుకుంది.

పత్తి చేను అయింది. మిరప తోట సగంలో ఉండగా ఓరకంటికి ఏదో కదిలినట్టు అనిపించింది. కాయితం ఒక అంచు పైకి లేచింది. ఒక గులకరాయి దొర్లిపోయింది. కుల్సుం రెండు చేతులూ హార్మోనియం మీదే ఉన్నాయి. ఒకటి తీస్తే పాట ఆగిపోతుంది.

సుభాషిణి మైకు వదిలేసింది. పాడుతూనే వెళ్లి, కుల్సుం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కాయితాన్ని అరచేత్తో గట్టిగా అదిమి పట్టింది. ఆమె గొంతు వెనక వరసలకి వినిపించడం మానేసింది. “ఏమైందిరా?” అని ఎవరో అడుగుతున్నారు. ఆదిలక్ష్మమ్మ టీచరు మైకు స్టాండు ఎత్తుకుని, వైరు ఈడ్చుకుంటూ వాళ్ల దగ్గరికి వస్తోంది.

మిరప తోట అయిపోయింది. కుల్సుం తల ఎత్తి సుభాషిణిని చూసింది. కళ్లు నవ్వుతున్నాయి.

“చెయ్యి కాస్త జరపవే” అంది మెల్లగా. “మూడో చరణం కనపడట్లా.”

సుభాషిణి చెయ్యి పక్కకి జరిపి, జొన్న చేను అందుకుంది.