చెవి కింద మచ్చ

రిచర్డ్ శవం ఫిషింగ్ హార్బర్ బండరాళ్ళ మధ్య దొరికింది. జేబులో పెన్ కెమెరా ఉంది. అందులో ఒకే ఒక్క ఫొటో.

"ఆ ఫొటోలో ఉన్నవాడే మన టార్గెట్. రేపు పోర్టులో గ్యాస్ ఓడలు ఆగే బెర్త్ మీదికి బాంబుతో వస్తాడు. క్లీన్ చేసి అన్ని గేట్లకీ పంపు," అన్నాడు చీఫ్ గుణశేఖర్ ఫోన్లో. బెర్త్ మూసేస్తే వాణ్ణి పంపుతున్న విదేశీ ముఠా మళ్ళీ దొరకదు కాబట్టి పనులు మామూలుగానే జరగాలట.

ఏజెంట్ దేవకుమార్ ఆ ఫొటో కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాడు. రిచర్డ్ అతనితో కలిసి ట్రైనింగ్ అయినవాడు. పైగా రేపు ఆ బెర్త్ కంట్రోల్ రూమ్‌లో షిఫ్ట్ అతని భార్య మిరియంది. ఆమెకి ఒక్క ముక్క చెప్పడానికి లేదు. ఇలాంటి ఉద్యోగం పగవాడికి కూడా వద్దనుకున్నాడు.

లోకానికి అతను పాత పోస్టాఫీసు దగ్గర స్టూడియో నడిపే ఫొటోగ్రాఫర్. మూడేళ్ళుగా పెళ్ళికూతుళ్ళ తల్లులు వెనక కూర్చుని "ఆ సెంప మీద మచ్చొకటి తీసీ బాబూ" అంటే తీసేయడమే అతని కవర్. కంప్యూటర్‌లో మచ్చలు చెరిపే హీలింగ్ బ్రష్ చేతిలో ఉంటే మచ్చ కనిపించడమే ఆలస్యం.

మధ్యాహ్నం నీలిమ వచ్చింది. "తడిసిన ఫొటో ఆరబెడతారా?" అని కోడ్ చెప్పింది. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే అవతలివాడు అడగాల్సిన ప్రశ్న మర్చిపోతాడు.

ఫొటో నిండా లెన్స్ మీద పడ్డ వాన చుక్కల మరకలు. దేవకుమార్ ఒక్కొక్కటే తుడిచాడు. నీలిమ గోరింట పెట్టిన వేలు స్క్రీన్ మీద ఆనించింది.

"చెవి కింద ఇంకో చుక్క మిగిలింది, దేవ్."

తుడిచాడు. చెవి అంచు నలుపు లోపలికి పాకి అక్కడ మసి అయింది. క్లోన్ టూల్‌తో బుగ్గ మీది గడ్డం ముక్క తెచ్చి అతికించాడు. పాత ఫైల్ మీదే సేవ్ చేసి పంపేశాడు.

మర్నాడు సేఫ్టీ ఆఫీసర్ వేషంలో, తెల్ల హెల్మెట్‌తో మెయిన్ గేటు దగ్గర నిలబడి ఉండగా, రెండో గేటు నుంచి గార్డు దాలయ్య ఫోన్ చేశాడు.

"సార్, ఒకడి కళ్ళు మీ ఫొటోలోలాగే ఉన్నాయండి. గడ్డం గీసేసుకున్నాడేటో అనుకున్నాను. కానీ ఆడికి సెవి కింద కాలిన మచ్చుంది. ఫొటోలో లేదు గదా, ఆడు కాదని ఒదిలీసినాం. వెల్డింగోలతో ఎల్లిపోయాడు."

దేవకుమార్ ఫోన్లో ఫొటో జూమ్ చేశాడు. బుగ్గ మీద మెలిపడిన వెంట్రుకలు, చెవి కిందా అవే వెంట్రుకలు, అదే మెలి. నీలిమ వేలు పెట్టి తుడిపించింది వాన చుక్క కాదు. రిచర్డ్ ప్రాణం పెట్టి తెచ్చిన ఒకే ఒక్క గుర్తు.

బండి మీద గ్యాస్ బెర్త్‌కి ఎలా చేరాడో అతనికే తెలియదు. వెల్డర్లంతా ఫేస్ షీల్డుల్లో ఒకేలా ఉన్నారు.

"హెల్మెట్లు తీయండి. స్ట్రాప్ చెకింగ్," అన్నాడు.

అందరూ తీశారు. ఒకడు మాత్రం తీస్తూనే ఎడమ చెవి కింద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. దేవకుమార్ వాడి మీద పడ్డాడు. ఇద్దరూ దొర్లి ఆక్సిజన్ సిలిండర్‌కి గుద్దుకున్నారు. దాని వెనక టైమర్ ఎర్రగా వెలుగుతోంది. వాడి మెడ మోకాలితో నొక్కిపట్టి, చెయ్యి చాచి వైరు లాగాడు. అంకె ఒకటి దగ్గర ఆగింది.

పైన కంట్రోల్ రూమ్ అద్దంలో మిరియం టీ తాగుతూ ప్యానెల్ చూసుకుంటోంది. ఇటు తిరగనే లేదు. దేవకుమార్‌కి ఏడుపొచ్చింది.

పారిపోతూ భీమిలి బస్సులో దొరికిన నీలిమని రికార్డు ఫొటో కోసం చీఫే స్టూడియోకి తెచ్చాడు. అంత జరిగినా ఆమె నవ్వు చెదరలేదు.

"కళ్ళ కింద నలుపు ఒక్కటి తీసేయండి, దేవ్."

దేవకుమార్ ఫొటో తీశాడు. వెంటనే కంప్యూటర్ మౌస్ పీకి, చీఫ్ చేతిలో పెట్టాడు.

"ఈమె ఫైల్ వెళ్ళేదాకా మీ దగ్గరుంచండి సార్. నా చెయ్యి మంచిది కాదు."