నగారా నోరు మూయించండి

ఏజెంట్ డేగకి ఈసారి అప్పగించిన మిషన్ పేరు ‘ఆపరేషన్ పిడుగు’. పేరు చూసి మోసపోకండి. పని ఏమిటంటే, కుర్చీలో కూర్చుని కంప్యూటర్ గేమ్ ఆడటం.

"నవ్వొస్తోందా?" అన్నాడు చీఫ్ ఫోన్‌లో. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు.

"లేదు సార్. ఏడుపొస్తోంది."

"కాలు విరగ్గొట్టుకున్నవాడికి ఇంతకంటే ఏం పని ఇస్తానోయ్? బుద్ధిగా విను. గొడుగు ముఠా తెలుసుగా?"

"విదేశీ ముఠా. విషాల వ్యాపారం. నాయకుడెవరో ఎవరికీ తెలీదు."

"వాళ్ళు ఫోన్లు వాడరు. ‘మంచుకోట’ అని ఒక ఆన్‌లైన్ గేమ్ ఉంది, అందులో కలుసుకుంటారు. నాయకుడు తెల్లగుర్రం మీద రాజు వేషంలో వస్తాడు. ఆజ్ఞలు చాట్‌లో టైప్ చేస్తాడు. మొన్న మనకి దొరికినవాడి లాగిన్ నీకు పంపించాను. ఇవాళ వాడి వేషం నువ్వే వెయ్యాలి."

"వాడేం వేషం సార్?"

"నగారా వాయించేవాడు."

డేగ నెత్తి కొట్టుకున్నాడు. ఎన్ని దేశాల్లో ఎన్ని గోడలు దూకినవాడు! కాలు మాత్రం శత్రువుల తూటాకి విరగలేదు. డిపార్ట్‌మెంట్ మెట్లు తడిగుడ్డతో తుడుస్తుంటే, ఆ తుడిచే మనిషి "ఆగండి, ఆగండి" అంటున్నా వినకుండా స్టయిల్‌గా దిగి విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు మోకాలి పైదాకా సిమెంటు కట్టు. లాండ్రీ షాపు పైన ఇరుకు గది. కింద నుంచి ఇస్త్రీ ఆవిరి. కిటికీలోంచి చూస్తే రోడ్డుకి అవతల హోటల్, పై అంతస్తులో తెర వేసిన కిటికీ.

ఆ తెర వెనక ఇద్దరున్నారు. ఒకరు కెమిస్టు. ముఠా విషాలకి విరుగుడు కనిపెట్టానని, తన ప్రాణాలకి ముప్పుందని, తానే వచ్చి డిపార్ట్‌మెంట్‌ని ఆశ్రయించిన పెద్దమనిషి. రెండోది నెమలి. ఎర్ర గౌను, ఎత్తు మడమల చెప్పులు, నడిచి వెళ్తే లిఫ్టు కూడా కాసేపు ఆగి చూసేటంత అందం. గొడుగు ముఠా ఆమె తమ మనిషే అనుకుంటోంది. కెమిస్టు దగ్గర సెక్రటరీగా చేరమని పంపింది కూడా వాళ్ళే. నిజానికి ఆమె డిపార్ట్‌మెంట్ మనిషి. డబుల్ ఏజెంట్.

"రాజు నోటి నుంచి ఆజ్ఞ పడగానే నాకు చెప్పు," అన్నాడు పెద్దాయన. "కింద లాబీలో మన స్క్వాడ్ ఉంది. కెమిస్టు మీద ఈగ వాలకూడదు."

"నెమలి మీద సార్?"

"ఆమె సంగతి ఆమె చూసుకుంటుంది," అని ఫోన్ పెట్టేశాడు.

డేగకి ఆ మాట గుండెలో గుచ్చుకుంది. ఈ పిల్లకి పని నేర్పింది తనే. ఈ పనిలో పక్కన ఉండాల్సిందీ తనే. పొద్దున బయల్దేరుతూ కట్టు మీద వేలితో కొట్టి, "నువ్వు వింటూ కూర్చో అన్నయ్యా, నాకదే ధైర్యం," అని వెళ్ళింది. చెవికమ్మలో మైకు. ఆమె మాట ఇతనికి వినబడుతుంది. ఇతని మాట ఆమెకి చేరే దారి లేదు. చెవిలో రిసీవర్ పెట్టినా, ఫోన్ మోగినా ముఠావాళ్ళు ఇట్టే పట్టేస్తారు. అందుకని వేలిగోటితో బల్ల మీద తట్టడం ఒప్పందం. రెండు తట్లు పడితే క్షేమం. ఒకటి తట్టి, ఆగి, గబగబా మూడు తడితే శత్రువు పక్కనే ఉన్నాడని.

ఆ గోటి చప్పుడు ఎంతుంటుంది? చీమ తుమ్మినంత. అది వినాల్సిన హెడ్‌ఫోన్లలోనే ఈ దిక్కుమాలిన గేమ్.

డమడమడమ! ఒక పక్క కత్తుల చప్పుడు, ఇంకో పక్క గుర్రాల సకిలింపు, అన్నింటినీ మించి అతని సొంత నగారా. స్పేస్‌బార్ నొక్కినప్పుడల్లా చెవిలో పిడుగు పడుతోంది. నొక్కడం ఆపితే ప్రమాదం. నగారా కాసేపు మోగకపోతే ‘వీడు నిద్రపోయాడు’ అని గేమ్ దండులోంచి గెంటేస్తుంది. గేమ్ సెట్టింగుల్లోకి వెళ్ళి సౌండ్ తీసేద్దామంటే, మెనూ తెరవగానే నగారా ఆగిపోతుంది. పోనీ కంప్యూటర్ మొత్తం మ్యూట్ చేద్దామా? నెమలి గొంతు కూడా దాంతోపాటే పోతుంది. రెండో కంప్యూటర్ రిపేరుకెళ్ళి ఇంకా తిరిగి రాలేదు.

"...పాలు... అమ్మాయ్..." డమడమ. "...సార్, మీ..." డమడమడమ.

ఆ మధ్యలో తట్టిందా? రెండా, నాలుగా? దేవుడా! డేగకి ముచ్చెమటలు పోశాయి. ఎడమచేత్తో నగారా కొడుతూ, కళ్ళు చాట్ మీద పెట్టి, కుడిచేత్తో టెక్నికల్ సెక్షన్‌కి ఫోన్ కొట్టాడు. అక్కడుండే కుర్ర ఇంజనీరుకి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు ప్లగ్గు.

"సార్, భోంచేస్తున్నాను."

"నీ దుంప తెగ! ఇక్కడ నా కొంప మునుగుతోంది. గేమ్ ఒక్కదాని నోరు మూయించాలి. మిగతావి వినబడాలి. ఎలా?"

"ఓస్, అంతేనా! కుడివైపు కింద మూల స్పీకర్ బొమ్మ ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్ కొట్టండి. వాల్యూమ్ మిక్సర్ అని వస్తుంది. అందులో ఏ ప్రోగ్రామ్ గీత దానిదే. గేమ్ గీత కిందకి లాగెయ్యండి."

డేగ కొట్టాడు. తెర మీద ఒక డబ్బా వచ్చి నిలబడింది.

"పాస్‌వర్డ్ అడుగుతోందయ్యా."

"అడుగుతుంది సార్. ఫీల్డ్ వాళ్ళు సెట్టింగులు కెలక్కుండా మేమే తాళం వేశాం."

"అయితే చెప్పు."

"పాస్‌వర్డ్ ఫోన్‌లో చెప్పకూడదు సార్. గూఢచారులు వింటారట."

"నేనే గూఢచారినయ్యా!"

"అందుకే సార్," అన్నాడు ప్లగ్గు చాలా మర్యాదగా. "చెయ్యి కడుక్కుని వస్తాను. నా సీట్లోంచి నేనే తీసేస్తాను."

చెయ్యి కడుక్కోవడానికి ఒక మనిషికి ఎంతసేపు పడుతుంది? డేగ మాత్రం ఆ కాసేపట్లో ముసలివాడైపోయాడు. కాలు కాలిన పిల్లిలా గదిలో తిరుగుదామన్నా కాలు లేవదు. ఎదురుగా కిటికీ కనిపిస్తోంది. అక్కడికి ఒక కేక వేస్తే చాలు. కేక వేస్తే ఆ పిల్ల ప్రాణాలకే ముప్పు. నగారా కొడుతూ కూర్చున్నాడు, అంతకంటే ఏమీ చేతకాక.

తెర మీద మౌస్ బాణం దానంతటదే కదిలింది. ప్లగ్గు తన సీట్లోంచి వచ్చాడన్నమాట. మిక్సర్ తెరుచుకుంది. గేమ్ పేరు పక్కనున్న గీత జారి సున్నా దగ్గర కూర్చుంది.

కత్తులు ఆగిపోయాయి. గుర్రాలు ఆగిపోయాయి. హెడ్‌ఫోన్లలో హోటల్ గది చప్పుళ్ళు విడివిడిగా వినబడ్డాయి. సన్నగా ఏదో పాట. కెటిల్‌లో నీళ్ళు మరుగుతున్న చప్పుడు. గోటితో రెండు తట్లు.

క్షేమం. డేగకి ప్రాణం లేచొచ్చింది.

ఆ వెంటనే వినబడింది. డమడమడమ. మునుపటంత గట్టిగా కాదు, దూరంగా.

"ప్లగ్గూ! నగారా ఇంకా మోగుతోంది!"

"లేదు సార్. సున్నాలో ఉంది. నేను కళ్ళారా చూస్తున్నాను."

"చెవులారా నేను వింటున్నానయ్యా!"

"సార్, మీ దగ్గర్నుంచి గేమ్ చప్పుడు రావడం లేదు. ఒట్టు."

డేగ స్పేస్‌బార్ మీంచి వేలు తీశాడు. నగారా ఆగిపోయింది. మళ్ళీ ఒక్కసారి నొక్కాడు. కాస్త ఆగి, ఎక్కడో దూరాన, డమ్.

తన కంప్యూటర్‌లో మోగడం లేదంటే, ఇది నెమలి చెవికమ్మ లోంచి వస్తోంది. తన నగారా ఆ హోటల్ గదిలో మోగుతోంది. అంటే ఆ గదిలో ఇంకెవరో ఇదే గేమ్ ఆడుతున్నారు, ఇదే దండులో. ఆ గదిలో ఉన్నదల్లా ఇద్దరే. నెమలి చేతిలో కంప్యూటర్ లేదు.

చెవిలో టకటకమని కీబోర్డు చప్పుడు. ఆ చప్పుడు ఆగిన మరుక్షణం తెర మీద తెల్లగుర్రం నెత్తిన అక్షరాలు లేచాయి.

‘మనలో దొంగ దొరికింది. కాఫీతో సరి.’

చెవిలో కెమిస్టు గొంతు, తేనె పూసినట్టు. "చక్కెర ఎంత వెయ్యమంటావమ్మా?"

"ఒక్క స్పూన్ చాలు సార్," అంది నెమలి.

ఓరి నాయనో! ఆశ్రయం కోరి వచ్చిన పెద్దమనిషే రాజు. పన్నిన వల కెమిస్టు కోసం కాదు, ఈ పిల్ల కోసం. డిపార్ట్‌మెంటే దగ్గరుండి ఆమెని అందులో కూర్చోబెట్టింది.

డేగ పెద్దాయనకి ఫోన్ చేశాడు. ‘మీటింగ్‌లో ఉన్నాను, తర్వాత మాట్లాడతాను’ అని మెసేజ్ వచ్చింది. స్క్వాడ్ లీడర్‌కి చేశాడు.

"పెద్దాయన చెప్పకుండా కదలకూడదన్నా."

"కదలకపోతే ఆ పిల్ల చచ్చిపోతుందిరా! పరిగెత్తు!"

"లిఫ్ట్ పైనే ఆగిపోయిందన్నా, ఎవరో పట్టి ఉంచారు. మెట్లెక్కుతున్నాం."

మెట్లు! పై అంతస్తు దాకా! చెవిలో సాసర్ బల్ల మీద పెట్టిన చప్పుడు. స్పూన్ తిరుగుతున్న చప్పుడు. డేగ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. కట్టు బల్లకి తగిలి, కళ్ళ ముందు చుక్కలు కనబడి, మళ్ళీ కూలబడ్డాడు. అరిచినా వినబడదు, లేచినా చేరలేడు. చెల్లెలు లాంటి పిల్ల విషం తాగుతుంటే చప్పుడు వింటూ కూర్చోవడమా తన పని? ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడు వేలి కింద స్పేస్‌బార్ తగిలింది.

తన గొంతు ఆ గదిలోకి వెళ్ళదు. తన నగారా వెళ్తోంది కదా!

డమ్. ఆగాడు. డమ్ డమ్ డమ్.

మళ్ళీ. డమ్. డమ్ డమ్ డమ్.

"తాగమ్మా, చల్లారిపోతుంది," అన్నాడు కెమిస్టు. "ఈ నగారా వెధవకి ఇవాళ ఏమొచ్చిందో, తాళం తప్పుతున్నాడు."

కప్పు లేచిన చప్పుడు. డేగ మళ్ళీ కొట్టాడు. డమ్. డమ్ డమ్ డమ్. విను తల్లీ, విను. నీకు పుణ్యముంటుంది.

కప్పు మళ్ళీ సాసర్‌లో ఆనిన చప్పుడు. తాగి పెట్టిందా? తాగకుండా పెట్టిందా? ఎలా తెలుస్తుంది?

"ఛ, చెవులు చిల్లులు పడుతున్నాయి," అన్నాడు కెమిస్టు. "అమ్మాయ్, మీ వయసు వాళ్ళకి తెలుస్తుంది. పాట వినబడాలి, ఈ గేమ్ ఒక్కటీ నోరు మూయాలి. కుదురుతుందా?"

డేగకి నవ్వాలో చావాలో తెలియలేదు. ముఠా నాయకుడికీ అవే పాట్లు!

"ఎందుక్కుదరదు సార్!" నెమలి గొంతు. మామూలుగానే ఉంది. ఎత్తు మడమలు టకటకా దగ్గరికి నడిచాయి. "కుడివైపు కింద మూల చూడండి. స్పీకర్ బొమ్మ."

"ఎక్కడ? నాకేం కనబడటం లేదు."

"చిన్నగా ఉంటుంది సార్. ఇంకాస్త ముందుకి వంగండి. ఆ, అలాగే."

"కాఫీ తాగలేదేం?"

"ముందు మీ పని కానీండి సార్."

"అబ్బా! ఏమిటది గుచ్చుకుంది? నీ ఉంగరమా? నువ్వు..."

కుర్చీ పడిపోయిన చప్పుడు. కప్పు పగిలిన చప్పుడు. ఎవరో ఎవర్నో లాగుతున్నట్టు, గౌను చిరిగినట్టు, దబ్బున ఒక మనిషి నేలకూలిన చప్పుడు.

ఎవరు పడ్డారు?

డేగ నగారా కొట్టాడు. వినబడలేదు. ఇంకోసారి కొట్టాడు. ఆ గదిలో కూడా గేమ్ నోరు మూతపడిపోయింది. ఎవరు మూయించారు? పాట మాత్రం సన్నగా సాగుతోంది. హాయిగా, ఎవరో ఆడమనిషి పాడుతోంది. డేగకి ఆ పాట మీద పట్టరాని కోపం వచ్చింది. ఎదుటి కిటికీ తెర కదల్లేదు. కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నాడు.

తలుపు మీద బూటు దెబ్బలు. స్క్వాడ్ కేకలు. ఆ రొద సద్దుమణిగాక, చెవికి బాగా దగ్గరగా, గోటితో ఎవరో మైకు మీదే తట్టారు.

రెండు.

"అన్నయ్యా," అంది నెమలి. "ఒకటి కొట్టి, ఆగి, మూడు కొట్టడం చెవిన పడగానే ఆ నగారా నువ్వేనని తెలిసిపోయింది. అంత చండాలంగా ఇంకెవరూ వాయించరు. పెదాల దాకా వచ్చింది కప్పు. పెదాల దాకా..." ఏడుస్తోంది. ఏడ్చేవాళ్ళు బతికున్నవాళ్ళే కదా!

ఆమెకి జవాబు చెప్పడానికి ఇప్పుడు నగారా కూడా లేదు. ఏజెంట్ డేగ, ఎన్ని తుపాకుల ముందు నిలబడ్డా కన్నీటి చుక్క రాల్చనివాడు, కీబోర్డు మీద నుదురు ఆన్చి బావురుమన్నాడు.

నుదురు ఆనింది స్పేస్‌బార్ మీద. ఆ మోత అతనికి వినబడలేదు. మంచుకోట ముందు కాచుకున్న గొడుగు ముఠా మనుషులందరికీ వినబడింది. ఉంగరం సూది మత్తులో పడున్న రాజు ఉలకడు, పలకడు. నగారా మాత్రం ఎడతెరిపి లేకుండా మోగుతోంది. ఇంకేముంది, దాడికి ఆజ్ఞ అనుకుని దండంతా ఒక్కుమ్మడిగా కోట మీద పడింది. వాళ్ళు ఎక్కడెక్కడి నుంచి ఆడుతున్నారో ప్లగ్గు తీరిగ్గా ఒక్కొక్కటే రాసుకున్నాడు.

సాయంత్రానికి వాళ్ళందరి తలుపులూ పోలీసులు తట్టారు. అప్పటికి వాళ్ళు కోట గెలిచిన సంబరంలో ఉన్నారు.