కడియం ఒప్పుకోని కంప్యూటర్

ఆ శనివారం మధ్యాహ్నం డాబాగార్డెన్స్ ఎలక్ట్రానిక్ దుకాణాల్లో వాకబులు లేవు, సందేహాలు లేవు. కొనేవాళ్లు ఒక వస్తువు మీద చేయి పెట్టి, ఆ చేతినే ఇంకో వస్తువు మీదికి జరిపేవారు. మణికట్టుకున్న పొందిక కడియం పచ్చగా వెలిగితే ఆ రెండూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఎర్రగా వెలిగితే కలవవు. కడియాలు వచ్చాక విశాఖపట్నంలో కొన్న సరుకు తిరిగి తెచ్చిచ్చేవారే కనబడటం లేదు. చీరకు రవిక, ఇంటికి అద్దెదారు, ఉద్యోగానికి మనిషి, ఆఖరికి పెళ్లికొడుకుకి పెళ్లికూతురు, అన్నిటికీ కడియం మాటే మాట.

సంహిత తన మొదటి గేమింగ్ కంప్యూటర్‌కు భాగాలు ఏరుకుంటోంది. మదర్‌బోర్డు మీద చేయి పెట్టి ప్రాసెసర్ల వరుస వెంట నడిచింది. నాలుగోదాని దగ్గర పచ్చ వెలిగింది. ఆ బోర్డు గాడిలో పట్టే మెమొరీ, క్యాబినెట్‌లో ఇమిడే గ్రాఫిక్ కార్డు, ఆ కార్డు ఆకలికి సరిపడా కరెంటు ఇచ్చే పవర్ సప్లై, ఏదీ ఆమె ఆలోచించి ఎంచుకోలేదు. దుకాణదారు అన్నీ పెట్టెలో సర్ది, "నిండు పచ్చమ్మా, ఇంక చూసుకోనక్కర్లేదు" అన్నాడు.

ఆమె సంతోషించాలి. కానీ పక్కన నస్రీన్ లేదు.

కాలేజీ రోజుల నుంచి ఇద్దరూ రైల్వే న్యూకాలనీ ఆటశాలలో పక్కపక్క కుర్చీల్లో అద్దె కంప్యూటర్ల మీద ఆడినవాళ్లు. నస్రీన్ ముందుకు దూకేది, సంహిత వెనక నుంచి కాపు కాసేది. సొంత కంప్యూటర్లు కట్టుకుంటే ఒకే రోజు, ఒకేలాంటివి కట్టుకోవాలని మాట. రెండు నెలల కిందట రత్నం వచ్చింది. పైడిరత్నం హార్బర్‌లో పడవల ఇంజన్లు బాగుచేస్తుంది. ఆటశాలలో పెద్దగా నవ్వుతుంది, ఓడినా నవ్వుతుంది. ఇప్పుడు నస్రీన్ ఆమెతో కలిసి పూర్ణా మార్కెట్ వెనక పాత సరుకుల సంతలో భాగాలు వెతుకుతోంది. ఇద్దరూ కడియాలు ఇంట్లో సొరుగుల్లో పడేశారట.

"ఎందుకే ఈ పిచ్చి?" అని సంహిత అంతకు ముందే అడిగింది.

"ఒక్కటైనా నా అంతట నేను కుదుర్చుకోవాలనుందే. అన్నీ అదే చెప్పీసాక ఇంక నేను చేసీదేటుంది?" అంది నస్రీన్.

సంహిత కంప్యూటర్ ఆ సాయంత్రమే, మొదటి నొక్కుకే లేచింది. చప్పుడు లేదు, వేడి లేదు. ఆ సంగతి చెప్పాలని నస్రీన్‌కు ఫోన్ చేసింది.

"మాది ఇంకా అవ్వలేదే! రత్నం తెచ్చిన ప్రాసెసర్ కాళ్లు మా బోర్డుకి దిగలేదు. మళ్లీ పరిగెత్తి మార్చుకొచ్చాం. గ్రాఫిక్ కార్డేమో క్యాబినెట్ కంటే పొడుగు, రేకు కోసీసాం!" వెనక ఎవరో పగలబడి నవ్వుతున్నారు. నస్రీన్ ఆ నవ్వులో కలిసిపోయి, ఫోన్‌లో సంహిత ఉందన్న సంగతి కాసేపు మరిచిపోయింది.

'మాది' అన్న మాట సంహితకు ముల్లులా దిగింది. తన ఎదుట తెర వెలుగుతోంది. అందులో చెప్పుకోవడానికి ఒక్క కష్టమైనా లేదు. ఆ వేళ్లు కోసుకోవడం, ఆ కుదరని భాగాలు కొని మార్చుకోవడానికి తిరగడం, ఆ తిట్టుకోవడం అన్నీ తనకు దక్కాల్సినవి అనిపించింది. వాళ్ల కంప్యూటర్ పాడైపోవాలని కోరుకుంది. కోరుకున్నాక సిగ్గుపడింది గానీ ఆ కోరికను వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు నస్రీనే పిలిచింది. "రావే తొందరగా. మొదటిసారి ఆన్ చేస్తన్నాం. నువ్వు రాకుండా నొక్కొద్దని ఆపీసాను."

కంచరపాలెంలోని నస్రీన్ మేడ గదిలో నేల నిండా మరలు, తీగముక్కలు. మధ్యలో క్యాబినెట్, ఒక పక్క రేకు వంకరగా కోసి ఉంది. రత్నం లేచి, "రండి సంహితగారూ, ఇక్కడ కూకోండి" అంటూ తన చోటు ఇచ్చింది. ఆ మర్యాద సంహితకు మరింత మంట పుట్టించింది. నస్రీన్ పక్కన తనకు చోటు ఇవ్వడానికి ఈమె ఎవరు?

కూర్చుంటూ చేయి క్యాబినెట్‌కు ఆనించగానే కడియం ఎర్రబడింది. కడియం మీది సన్నని అక్షరాలు కారణమూ చెప్పాయి: పవర్ సప్లై చాలదు, ఆట మొదలైతే గ్రాఫిక్ కార్డు లాగే కరెంటును అది తట్టుకోలేదు.

సంహిత చున్నీ కొంగు మణికట్టు మీదికి లాక్కుంది.

నస్రీన్ స్విచ్ మీద వేలు పెట్టి ఆమె మొహంలోకి చూసింది. సంహిత నవ్వింది. నస్రీన్ కూడా నవ్వి నొక్కింది.

ఫ్యాన్లు తిరిగాయి, తెర వెలిగింది. రత్నం ఈల వేసింది. నస్రీన్ ఆట తెరిచింది. కొండలు, నది, కోట గోడ కనబడ్డాయి. అంతలోనే క్యాబినెట్‌లో టపాకాయలా ఏదో పేలింది. గది నిండా కాలిన వాసన. రత్నం తీగ పీకేసి, మెయిన్ ఆపడానికి కిందికి పరిగెత్తింది. పొగ తగ్గాక నస్రీన్ గ్రాఫిక్ కార్డు బయటికి తీసింది. ఒక అంచు నల్లగా మాడిపోయి ఉంది.

"పోయిందే," అంటూ తల ఎత్తి ఆగిపోయింది. పల్చటి చున్నీలోంచి ఎర్రటి వెలుగు కనబడుతోంది.

"నీకు ముందే తెలుసా?"

సంహిత చేయి వెనక్కి లాక్కుంది.

"నేను కడియం చూడలేదే. నీ మొహం చూసి నొక్కాను."

మెట్ల మీద రత్నం అడుగులు వినబడ్డాయి. నస్రీన్ రత్నంతో ఏమీ చెప్పలేదు. కాలిన కార్డు పక్కన పెట్టి, "నువ్వు ఇంటికెళ్లు," అని మాత్రం అంది.

తర్వాతి రోజుల్లో సంహిత ఆడింది. ఆటలో జోడీ చోటు ఖాళీగా ఉందని గమనించి కడియమే ఒక మనిషిని కుదిర్చింది, బరంపురం ఆవిడ, నిండు పచ్చ. ఆవిడ వేసే ప్రతి అడుగూ సంహిత అనుకున్నట్టే ఉండేది. వరుసగా గెలిచారు. ఒక్కసారైనా "ఏటే అలా వచ్చీసావు, చచ్చిపోదుం కదా" అని అరుచుకోలేదు. ఆటయ్యాక ఆవిడ "ధన్యవాదాలండి" అని వెళ్లిపోయేది. ఎంత తప్పు చేసినా తనను భరించిన మనిషిని కడియం ఏ రంగులోనూ చూపించలేదని సంహితకు అప్పుడు తెలిసింది. ఆ మనిషి నమ్మి చూసిన మొహం తనదే. దాన్ని అబద్ధానికి వాడింది.

ఒక పొద్దున ఆమె తన క్యాబినెట్ విప్పింది. గ్రాఫిక్ కార్డూ పవర్ సప్లై రెండూ ఊడదీసి, పాత దుప్పట్లో చుట్టి కంచరపాలెం బస్సెక్కింది.

తలుపు తీసింది రత్నం. లోపల నస్రీన్ నేల మీదే కూర్చుని ఉంది. సంహిత దుప్పటి విప్పి ముందు పెట్టింది.

"ఆ రోజు నాకు కుళ్లొచ్చింది నస్రీన్. అందుకే చెప్పలేదు."

రత్నం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. నస్రీన్ కార్డు చేతిలోకి తీసుకుని క్యాబినెట్‌కు ఆనించి చూసింది. ఇది మరీ పొడుగు. రేకు ఇంకా కొయ్యాలి. రంపం అందుకుంది.

"నా మీద కోపంగా ఉందా?" అంది సంహిత.

"ఉంది," అంది నస్రీన్, రంపం రేకు మీద పెడుతూ. "అటు చివర గట్టిగా పట్టుకో."