గోడ వైపు బాణం

ఇత్తడి ముక్కను చూసి అది ఏ సామానుదో చెప్పడం మా కంచరోళ్ళకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. అందుకే ఉదయగిరిలో ఎవరికి ఏ తుక్కు దొరికినా నా కొట్టుకే తెచ్చేవాళ్ళు. అందరికంటే ఎక్కువ తెచ్చింది నా చిన్ననాటి స్నేహితుడు హుసేనయ్య. వాడు పటాలం నుంచి వస్తూ, భూమిలో ఇనుమో ఇత్తడో ఉంటే కుయ్యిమనే మిషనొకటి మద్రాసు వేలంలో కొనుక్కొచ్చాడు. చెవులకు డిప్పలు తగిలించుకుని దుర్గం కొండంతా తిరిగేవాడు. రాజుల బంగారం దొరుకుతుందని వాడి ఆశ. అప్పటిదాకా దొరికినవి రెండు లాడాలు, ఒక గరిటె.

యాభై రెండు వేసవిలో ఒక పొద్దున వాడు తువ్వాల్లో ఏదో చుట్టుకొచ్చాడు. చింతపండు వేసి తోమాను. జానెడు ఇత్తడి పిడి, చివర నలుచదరపు బెజ్జం. మద్రాసులో మూడేళ్ళు కొళాయిల పని చేసినవాణ్ణి, చూడగానే తెలిసిపోయింది.

"ఇది కొళాయి బిరడా తిప్పే పిడిరా. ఇంత పెద్దదంటే వెనక తొట్టి ఉంటాది. నీళ్ళుంటాయి."

నీళ్ళు అనేసరికి నాకు నా కూతురు గుర్తొచ్చింది. మా నాగులమ్మకు ఎనిమిదేళ్ళు. తొమ్మిది రోజులుగా జ్వరం. నీళ్ళు తాపుతూనే ఉండమన్నాడు వైద్యుడు. ఊళ్ళో బావులన్నీ బురద, ఇంట్లో కుండలో బెత్తెడు నీళ్ళు. కరువుకు తోడు జ్వరం, గోరుచుట్టు మీద రోకలిపోటు. ఒక్కగానొక్క బిడ్డ. ఎవరి కాళ్ళు పట్టుకునైనా నీళ్ళు తేవాలనుకున్నాను.

మిట్టమధ్యాహ్నానికి కొండ మీదున్నాం. కాకి కూడా అరవడం లేదు. కాలిన గడ్డి వాసన, గబ్బిలాల కంపు. పిడి దొరికిన చోటికి నలభై అడుగుల అవతల ఒక రాతిగది ఉంది, దాని తలుపును ఎప్పుడో రాళ్ళతో పూడ్చేశారు. ఆ గోడ మొదట్లో మిషను కుయ్యిమంది. తవ్వితే గోడలోకి పోయే గొట్టం, దానికి బిరడా కనిపించాయి. గొట్టం ఇవతలి కొస విరిగి ఉంది. బిరడా తల నలుచదరం. పిడి దాని మీద సరిగ్గా కూచుంది.

తోమకుండా ఇత్తడిని నమ్మొద్దనేవాడు మా నాయన. ఆత్రంలో నేను మట్టి కూడా దులపలేదు. ఇద్దరం పిడి పట్టుకుని బలం కొద్దీ తిప్పాం.

నీళ్ళు రాలేదు.

గొట్టం గాలి పీల్చింది... లోపలికి. ఒకసారి. మళ్ళీ ఒకసారి...

ఒంటి మీద కారుతున్న చెమట ఉన్నట్టుండి ఆరిపోయింది. నాలుక అంగిలికి అంటుకుంది. రెప్ప వేస్తే కళ్ళలో ఇసుక పోసినట్టుంది. తువ్వాలుతో బిరడా మీది మట్టి తుడిచాను. నీళ్ళు పోయే దిక్కు చూపే బాణం గుర్తు బయటపడింది. అది గోడ వైపు ఉంది.

ఇది బయటికి నీళ్ళిచ్చే కొళాయి కాదు. గదిలో ఉన్నవాళ్ళకు నీళ్ళిచ్చేది. ఎవరో దాన్ని బయటి నుంచి కట్టేసి, పిడి లాగి దూరంగా విసిరేశారు.

"మూసెయ్‌రా," అన్నాడు హుసేనయ్య.

పిడి మీద చెయ్యి వేశాను. గోడ లోపల గోళ్ళతో గీకిన చప్పుడు. తర్వాత గొట్టంలోంచి...

"నాయనా... మూయొద్దు నాయనా. దప్పికగా ఉండాది."

అది మా నాగులమ్మ గొంతు.

నా బిడ్డ ఇంట్లో మంచం మీద ఉంది. ఇది మాయ అనుకున్నాను. అనుకుని, ఏడుస్తూనే తిప్పి మూసేశాను. కంట్లో నీటిచుక్క రాలేదు.

ఇంటికి పరుగెత్తి వచ్చేసరికి నాగులమ్మ లేచి కూర్చుని ఉంది. ఒళ్ళు చల్లగా ఉంది. నా భార్య వరదమ్మ పోలేరమ్మ తల్లికి మొక్కుకుంటోంది. నేనూ దండం పెట్టాను. చెంబు అందిస్తే నాగులమ్మ వద్దని తల ఊపింది. ఆ రోజంతా నీళ్ళడగలేదు. రాత్రీ అడగలేదు.

తెల్లారగానే హుసేనయ్యను లాక్కుని మళ్ళీ కొండెక్కాను. మేం తవ్విన గుంట ఉంది. గొట్టం లేదు, బిరడా లేదు. మిషను ఎక్కడా కుయ్యిమనలేదు. గోడకు చెవి ఆనించి నా బిడ్డను పేరు పెట్టి పిలిచాను. తండ్రికి బిడ్డ గొంతు తెలియదా? గడ్డపారతో గోడ పగలగొట్టాం. వెనక గది లేదు. కొండరాయి ఉంది. చేతులు నెత్తురు కారేదాకా దాన్నే పొడిచాను.

జ్వరం విడిచిన మూడో నాడు తలకు నీళ్ళు పోస్తారు. ఆత్మకూరు నుంచి మా బావమరిది బండి మీద పీపాడు నీళ్ళు తెచ్చాడు. దొడ్లో బండ మీద నాగులమ్మను కూర్చోబెట్టి, వరదమ్మ చెంబు తర్వాత చెంబు తల మీద కుమ్మరించింది. బిడ్డ కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చుంది.

"బిడ్డ తేరుకునింది గదా, ఇంక నీకేంది దిగులు?" అంది వరదమ్మ, ఖాళీ పీపా పక్కకు దొర్లిస్తూ.

నేను బండ వైపే చూస్తున్నాను. దాని మీది దుమ్ము కూడా తడవలేదు.