పత్తి నానే పది నిమిషాలు

"చావాల్సిన మనిషి పేరు ఎల్ఫస్ మఖాన్య. చావకూడదు. అదే నీ డ్యూటీ," అన్నాడు కర్నల్ ఫన్ టోండర్.

ఏజెంట్ ముజీ విలకాజీ కుర్చీలో ముందుకి జరిగాడు. కర్నల్ పేరులోనే తొందర ఉంది, మనిషిలో అంతకు రెట్టింపు. ఫైలు సగం చదివి సంతకం పెడతాడు. టీ సగం తాగి మీటింగుకి పరిగెడతాడు. శత్రువు సగం దొరకగానే ప్రెస్‌మీట్ పెడతాడు. మిగతా సగం ఆ ప్రెస్‌మీట్ టీవీలో చూసి పారిపోతుంది.

"డెబ్భై రెండేళ్ళ రిటైర్డ్ ఇంజనీరు. రస్టెన్‌బర్గ్‌లో ప్లాటినం కొలిమి నడిపాడు. 'ఆర్కిడ్' అని ఓ విదేశీ ముఠా మన ప్లాటినాన్ని చెత్తరాయి పేరుతో ఓడలెక్కిస్తోంది. ముఠాలో పదకొండు మంది. ఆ పదకొండు పేర్లూ ముసలాయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేవు. శుక్రవారం పదకొండున్నరకి విచారణ కమిషన్ ముందు చెబుతాడు."

"ముందే రాసిమ్మని అడగలేదా సర్?"

"అడిగాం. పొద్దున మీకు రాసిస్తే సాయంత్రానికల్లా వాళ్ళకి చేరుతుందన్నాడు."

ముజీ కిటికీ వైపు చూశాడు. ఆ మాట నిజమని ప్రిటోరియాలోని ఆ బిల్డింగు వాచ్‌మన్‌కి కూడా తెలుసు.

"జొహానెస్‌బర్గ్‌లో, బ్రామ్‌ఫొంటెయిన్‌లో, ఏడో అంతస్తు ఫ్లాట్‌లో దాచాం. లోపల కాపలా ఏజెంట్ ఇల్డా ఫెరేరా. కింద ఓ వేప్ షాపుంది, ఎలక్ట్రిక్ సిగరెట్లమ్మేది. అందులో నువ్వు రిపేర్ మెకానిక్‌వి. వచ్చేపోయేవాళ్ళ మీద కన్నేసి ఉంచు."

"నాకు రిపేరు రాదు సర్."

"గూఢచర్యం వచ్చా?"

కర్నల్ అతని చేతిలో ఓ గులాబీరంగు ప్లాస్టిక్ వేప్ పెట్టాడు. పీల్చేసి పారేసే రకం. లోపల వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ ఉందట. మూడుసార్లు పీలిస్తే నేరుగా పై ఫ్లాట్‌కి మాట వెళుతుందట. మామిడి వాసన అదనం.

"ఛార్జింగ్ ఎలా సర్?"

"తొందరలో ఆ రంధ్రం పెట్టడం మర్చిపోయారు. ఇక వెళ్ళు!"

*

షాపులో కూర్చున్న రెండో రోజుకే జనం ముజీని వేపుకు తిన్నారు. ఒకడి పాడ్ పాడైంది. ఒకావిడ కాయిల్‌కి ఖాయిలా చేసింది. అదే, ట్యాంకులోని జ్యూసుని వేడిచేసి పొగ పుట్టించే తీగచుట్ట. ఇంకొకడు ట్యాంకులో కొబ్బరినూనె పోసుకొచ్చి గ్యారంటీ ఉందా అని దబాయించాడు. ముజీ పట్టుకోవాల్సింది ముఠా అనే ఓ రింగుని, పొద్దస్తమానం మార్చింది మాత్రం ఓ-రింగుల్ని. అంటే ట్యాంకు కారకుండా అతుకుల దగ్గర వేసే రబ్బరు వలయాలు. ఈ దేశపు గూఢచారి విభాగానికి కూడా అలాంటివి నాలుగు వేస్తే బాగుండేది. కారని చోటంటూ ఒక్కటీ లేదు.

ఏజెంట్ ఇల్డా ఫెరేరా రోజుకి రెండుసార్లు మెట్లు దిగొచ్చేది. పొరుగుదేశపు మపూటో యాస, ఎర్రకోటు, ఆరడుగుల పొడవు, దానికి తగ్గ అందం. చేతిలో పూటకో రంగు ప్లాస్టిక్ వేప్. పీల్చెయ్, పారెయ్. మగాళ్ళ విషయంలోనూ అదే పద్ధతని ఆఫీసులో చెప్పుకునేవాళ్ళు. చెప్పుకున్నవాళ్ళలో సగంమందిని ఆవిడ పారేసిందే.

బుధవారం నాడు, దాక్కోవాల్సిన మఖాన్య చెప్పులేసుకుని తాపీగా షాపులోకి వచ్చాడు. ముజీ అదిరిపడ్డాడు.

"బాబా! మీరు దాక్కోవాలి కదా!"

"దాక్కుంటే ట్యాంకు కారడం ఆగుతుందా?" అంటూ ఆయన తన యంత్రాన్ని బల్లమీద పెట్టాడు. ధణేల్‌మంది. ఉక్కు డబ్బా, రెండు బ్యాటరీలు, పైన గాజు ట్యాంకు. అరకేజీకి కొంచెం తక్కువ. అద్దంలా తళతళలాడుతోంది.

ముజీ ట్యాంకు ఊడదీసి, అడుగున కరెంటు అందే గుండీకి పట్టిన జిగురుని స్క్రూడ్రైవరుతో గీకబోయాడు.

"ఆపరా! అది బంగారు పూత! చిన్నప్పుడు మీ అమ్మ నీ చెవులు గడ్డపారతో తీసేదా?"

"మరి దేంతో తీయాలి బాబా?"

"దూదిపుల్ల. రెండు చుక్కల స్పిరిట్. గుండ్రంగా, మెల్లగా. ట్యాంకేమో గోరువెచ్చని నీళ్ళలో కడగాలి. మరిగే నీళ్ళు పోశావో రబ్బరు ఉబ్బిపోతుంది, నీ మొహంలాగా. బ్యాటరీ తొడుగు చిరిగిందా లేదా చూడు. చిరిగితే కొత్త తొడుగు వెయ్, లేకపోతే జేబులో బాంబే. ఎక్కడ నేర్చుకున్నావురా ఈ పని?"

"ప్రిటోరియాలో బాబా."

"అలా చెప్పు. గవర్నమెంటు కోర్సా?"

ముజీ దూదిపుల్ల అందుకున్నాడు. ఆయనలో పొగకన్నా పొగరెక్కువ అనుకున్నాడు. గుమ్మంలో ఇల్డా నవ్వుతూ నిలబడింది. అయిపోయిన ఊదారంగు ప్లాస్టిక్ వేప్‌ని, షాపు బయట చచ్చిన బ్యాటరీల కోసం పెట్టిన పెట్టెలోకి విసిరింది.

"ఇంత శ్రమెందుకు బాబా? ఇలాంటిది కొనుక్కోండి. కడిగేది లేదు, మార్చేది లేదు."

"అమ్మాయ్, నేను నలభైయేళ్ళు కొలిమి నడిపాను. ఒక్కరోజు ఆగలేదు. ఎందుకాగలేదో తెలుసా? పాడయ్యాక కాదు, పాడవక ముందే మార్చాను. ఇంట్లోనూ అంతే. శుక్రవారం పొద్దున కాయిల్ మార్చాల్సిందే."

"ప్రతి శుక్రవారమా?" అంది ఇల్డా, ఎర్రకోటు గుండీ సర్దుకుంటూ.

"నా పెళ్ళి కూడా శుక్రవారమే అయింది. కాయిల్ మార్చాకే చర్చికి వెళ్ళేవాణ్ణి, అప్పట్లో ఇది ఉండుంటే."

*

శుక్రవారం పది ముప్పై ఐదుకి కరెంటు కోత మొదలైంది. లిఫ్టు ఆగింది. కాసేపటికి సెల్ టవరు బ్యాటరీ కూడా చచ్చి ఫోన్లు మూగబోయాయి.

పది నలభైకి ఇల్డా వచ్చింది. "ముసలాయన కాయిల్ అడుగుతున్నాడు. తొందరగా."

ముజీ ఆ యంత్రానికి సరిపోయే కాయిళ్ళ ప్యాకెట్ ఇచ్చాడు. ఆవిడ వెళ్ళింది. తర్వాత ఇద్దరు కుర్ర కస్టమర్లు స్ట్రాబెర్రీయా పుచ్చకాయా తేల్చుకోలేక అతని ప్రాణం తోడేశారు. వాళ్ళు కదిలాక, ముసలాయన్ని కమిషన్‌కి తీసుకెళ్ళే కాన్వాయ్ ఎప్పుడు బయల్దేరుతుందో పై ఫ్లాట్‌ని అడుగుదామని ముజీ గులాబీరంగు ట్రాన్స్‌మిటర్ మూడుసార్లు పీల్చాడు. మామిడి వాసన కూడా రాలేదు. ప్రభుత్వ సొమ్ముతో తయారైన ఆ అద్భుతం కన్నుమూసింది. తిట్టుకుంటూ బయటికెళ్ళి పెట్టెలో పడేయబోయి ఆగిపోయాడు.

పెట్టెలో, చచ్చిన బ్యాటరీల మీద, తను ఇప్పుడే ఇచ్చిన కాయిళ్ళ ప్యాకెట్. సీలు కూడా విప్పలేదు.

మరి ఆవిడ పైకి పట్టుకెళ్ళింది ఏ కాయిల్?

ముజీ మెట్లవైపు దూకాడు. టైము పది యాభై.

*

ఏడో అంతస్తులో మఖాన్య అప్పటికే పాత కాయిల్ ఊడదీశాడు. ఇల్డా కాగితంలోంచి తీసిచ్చిన కాయిల్ని కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు. చిన్న ఉక్కు గొట్టం, లోపల తీగ, తీగ చుట్టూ పత్తి. చాలాసేపు చూశాడు. తర్వాత పక్కనున్న చిల్లుల్లో రెండేసి చుక్కల జ్యూసు వేసి, ట్యాంకులో బిగించి, నిండా పోసి, మూత పెట్టి, యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇల్డా నిలబడే ఉంది. ఆ పత్తిలో ఆర్కిడ్ ముఠా ఏం కలిపిందో ఆవిడకి తెలుసు. ఒక్క దమ్ము చాలు. డాక్టరు గుండెపోటు అని రాస్తాడు. ఆవిడ కన్నీళ్ళు పెట్టుకుంటుంది. ఇక్కడ జీతం, అక్కడ జీతం, రెండూ నడుస్తాయి. తుపాకీతో కాలిస్తే ఒక జీతం పోతుంది.

"పీల్చరేం బాబా?"

"నానాలి."

"ఏంటి నానేది?"

"పత్తి. కొత్త కాయిల్ జ్యూసు తాగాలి. పది నిమిషాలు. ఆగకుండా నొక్కితే పొడిపత్తి భగ్గున మాడుతుంది. ఆ ఘాటు గొంతులో దిగితే మూడు రోజులు నీ నోట మాట రాదు. ఇవాళ నాకు మాటతోనే పని."

ఇల్డా గడియారం చూసుకుంది. పది యాభై రెండు. పదకొండింటికి కాన్వాయ్ వచ్చేస్తుంది.

"ఐదు నిమిషాలు చాలవా?"

"చాలవు. ఈ దేశంలో అందరూ ఐదు నిమిషాల మనుషులే. అందుకే ఊరంతా మాడు వాసన."

"మీకు టెన్షనుగా ఉందేమో బాబా. ఒక్క దమ్ము లాగితే..."

"కూచో అమ్మాయ్. నువ్వు నిలబడితే నాకు మెడ నొప్పి."

ఆవిడ కూర్చోలేదు. పది యాభై ఐదు. పది యాభై ఆరు. మెట్ల మీద దబదబా అడుగుల చప్పుడు. తలుపు మీద పిడిగుద్దులు.

"బాబా! పీల్చకండి! అది మా షాపు కాయిల్ కాదు!"

ఇల్డా కోటులోంచి పిస్తోలు తీసింది. గొంతు మాత్రం తేనెలా ఉంది. "ఎవరది? కోడ్‌వర్డ్ చెప్పు!"

బయట ముజీకి ఊపిరి అందట్లేదు. నిన్నటి కోడ్‌వర్డ్ 'జకరాండా'. ఇవాళ్టిది కర్నల్ పది నలభై ఐదుకి ఫోన్లో పంపుతానన్నాడు. ఫోను మూగది.

"కోడ్‌వర్డ్ లేదు! ముజీని! మెకానిక్‌ని!"

"కోడ్‌వర్డ్ లేకపోతే హంతకుడే," అంది ఇల్డా ముసలాయన వైపు తిరగకుండానే. "కదలకండి బాబా, నేను చూసుకుంటా." గొంతు వచ్చిన ఎత్తుని బట్టి తలుపు మీద గుండెకాయ ఎక్కడుంటుందో లెక్కేసి గురిపెట్టింది. వేలు ట్రిగ్గరు మీద బిగిసింది.

అరకేజీకి కొంచెం తక్కువ ఉక్కు ఆవిడ మణికట్టు మీద పడింది.

గుండు గడపలో దిగింది. పిస్తోలు సోఫా కిందకి జారింది. ఇల్డా మోకాళ్ళ మీద కూలింది. మఖాన్య తాపీగా వెళ్ళి గడియ తీశాడు.

"రా. చెప్పులు తుడుచుకో."

ముజీ లోపలికి పడి, ముందు ఆవిడ చేతులకి బేడీలు వేసి, తర్వాత గోడకి జారగిలబడ్డాడు. "బాబా... మీరు... పీల్చలేదు కదా?"

"నేనేమన్నా ప్రిటోరియాలో చదివానా?" యంత్రానికి సొట్ట పడిందేమోనని తిప్పి చూసుకుంటూ అన్నాడు ముసలాయన. "ప్యాకెట్లోంచి తీసిన కాయిల్లో పత్తి ఎముకలా పొడిగా ఉంటుంది. ఇది తడిసి ఉంది. రబ్బరు మీద ఎవడిదో వేలిముద్ర కూడా. చూడగానే తెలిసింది."

"తెలిసీ ఎందుకు బిగించారు?"

"ఆమె దగ్గర తుపాకీ ఉంది. నా దగ్గర పది నిమిషాలున్నాయి. తడిసిన పత్తి మళ్ళీ నానడమేంటని అడగాలంటే పని తెలిసుండాలి. పారేసేవి పీల్చేవాళ్ళకి అదెక్కడ తెలుస్తుంది? కాన్వాయ్ వచ్చేదాకా నానబెడదామనుకున్నా. మధ్యలో నువ్వొచ్చి తలుపు బాదావు."

"మిమ్మల్ని కాపాడటానికి వచ్చాను బాబా."

"ఔను మరి. నిన్ను కాపాడేసరికి నా చెయ్యి లాగేసింది."

బేడీల్లోంచి ఇల్డా ఉమ్మినట్టు అంది. "ముసలి నక్క!"

"నయం, ముసలి వేప్ అన్లేదు. చెత్తబుట్టలో వేసేదానివి."

పదకొండింటికి కర్నల్ ఫన్ టోండర్ ఏడంతస్తులూ ఎక్కి, ఎగశ్వాసతో వచ్చి, సీన్ సగం చూసి, యంత్రాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి సీలు కొట్టాడు.

"సాక్ష్యం!"

"కాయిల్ తీసుకుని డబ్బా నాకియ్యి," అన్నాడు మఖాన్య.

"కుదరదు. మొత్తం ఎగ్జిబిట్. కేసు తేలాక అప్లై చేసుకోండి."

"ఎన్నాళ్ళకి తేలుతుంది?"

"మామూలుగా... ఆరేళ్ళు."

ముసలాయన కర్నల్‌ని కిందనుంచి పైదాకా ఒకసారి చూశాడు. కారి కారి ఎండిన ట్యాంకుని చూసినట్టు చూశాడు. చెప్పులేసుకుని మెట్లు దిగాడు.

కమిషన్ ముందు ఆయన్ని ఒక గంటలో ముగించేద్దామనుకున్నారు. ఆయన నాలుగు గంటలు కూర్చున్నాడు. మధ్యలో ఒక్క దమ్ము లేదు, ఒక్క విరామం లేదు. అడిగినవి పదకొండు పేర్లు. ఆయన చెప్పినవి పన్నెండు. పన్నెండోది ఆయన కర్నల్ వైపు చూస్తూ చెప్పినప్పుడు, ఫన్ టోండర్ ఎందుకో బయటికి వెళ్ళే తొందరలో కుర్చీ తన్నుకుని పడ్డాడు.

మర్నాడు పేపర్లన్నీ ఒకటే రాశాయి, పొగ దొరకని మనిషి నిప్పులు కక్కాడని.